ఆ గంగాళం ఎవరి డబ్బుతో కొన్నది?

చిరంజీవికి ఆశీస్సులు.

మీ ఇంటి కథ మీద రాస్తున్న పుస్తకంలోంచి నువ్వు పంపిన అరవై పేజీలూ అందాయి. మొదటిసారి రాత్రి కూర్చుని ఏకబిగిన చదివేశాను. మర్నాడు పెన్సిలు పట్టుకుని ఆగి ఆగి చదివాను. నీకు చెయ్యి తిరిగింది, అందులో నాకు సందేహం లేదు. వాక్యం నీ మాట వింటోంది. నా బెంగంతా కథ గురించే.

మీ ముత్తాతని పెంచిన మేనత్త చిన్న వయసులోనే భర్తని పోగొట్టుకుంది. రాజమండ్రిలో గోదావరి రేవు దగ్గర పూటకూళ్ళ ఇల్లు పెట్టి పాతికేళ్ళు నడిపింది. ఆ సంపాదనతో పెంకుటిల్లు కొంది. పిల్లలు లేరు కాబట్టి ఆ ఇంటిని అన్న కొడుక్కి, అంటే మీ ముత్తాతకి, వీలునామా రాసింది. ఆవిడ పోయిన ఏడాదికే భర్త తరఫు జ్ఞాతులు దావా వేశారు. మునసబు కోర్టు, అప్పీలు, చివరికి రాజీ డిక్రీ. ఇల్లు రెండు ముక్కలైంది. నీ పుస్తకంలో దీన్నంతా "మనకి అన్యాయం జరిగింది" అనే మాటతో మొదలుపెట్టి ఆ మాట దగ్గరే ముగించావు. మీ ఇంట్లో మూడు తరాలుగా చెప్పుకుంటున్నదే నువ్వూ రాశావు.

నేనూ ఒకప్పుడు ఇదే తప్పు చేశాను కాబట్టి చెబుతున్నాను. మా ఇంటి భాగపంపకాల మీద ముప్పై ఏళ్ళ కిందట కథ రాశాను. మా పెదతాతని అందులో దుర్మార్గుణ్ణి చేశాను. కథ అచ్చయిన రెండు నెలలకి ఆయన మనవరాలు, నాకు చెల్లెలి వరస, మా ఇంటికొచ్చింది. పోట్లాడలేదు. సంచీలోంచి పాత పారీఖత్తు, అంటే భాగపంపకాల కాగితం, తీసి టేబుల్ మీద పెట్టింది. అందులో మా తాత సంతకం ఉంది. తన వాటా డబ్బు ముందే తీసుకున్నట్టు స్వదస్తూరీతో రాసుకున్నాడు. "అన్నయ్యా, ఇది చూసి ఉంటే రాసేవాడివా?" అని అడిగింది. నాకు మాట రాలేదు. ఆవిడ కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోయింది. ఆ కథని తర్వాత ఏ సంపుటిలోనూ వేయలేదు.

అందుకే ఒక్కటే అడుగుతున్నాను. ఎవరి తరఫునా వకాల్తా పుచ్చుకోకు. మీ ముత్తాత తరఫున కూడా.

నువ్వు సంపాదించిన కోర్టు కాగితాల్ని నువ్వు సరిగ్గా వాడుకోలేదు. దావాలో ఏముందో చూడు. ఇల్లు కొన్న డబ్బు ఆవిడ భర్త ఆస్తిలోంచి వచ్చిందని జ్ఞాతుల వాదన. ఆవిడ వంట చేసి సంపాదించిందని మీ ముత్తాత వాదన. అప్పటి న్యాయం ప్రకారం కేసంతా ఈ ప్రశ్న మీదే నిలబడింది. భర్త నుంచి వచ్చిన ఆస్తి అయితే వితంతువుకి బతికినంతకాలం అనుభవించే హక్కే. తప్పనిసరి అవసరం ఉంటే తప్ప అమ్మకూడదు, వీలునామా రాయకూడదు. ఆవిడ పోయాక అది భర్త వారసులకి పోతుంది. వాళ్ళని కోర్టు భాషలో రివర్షనర్లు అనేవారు. అదే వితంతువుగా తన రెక్కల కష్టంతో సంపాదించుకున్నదైతే అది స్త్రీధనం, ఎవరికైనా ఇచ్చుకోవచ్చు. 1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చి, దాని 14వ సెక్షన్ అమలయ్యాకే, వితంతువు చేతిలో ఉన్న భర్త ఆస్తి మీద కూడా ఆవిడకి పూర్తి హక్కు వచ్చింది. జ్ఞాతులు దావా వేసింది అంతకు నలభై ఏళ్ళకి పైగా ముందు. కాబట్టి వాళ్ళని "చట్టం తెలియని దుర్మార్గులు" అని రాయడం కుదరదు. వాళ్ళకి చట్టం బాగా తెలుసు. దాన్ని పట్టుకునే వచ్చారు.

సాక్షుల వాంగ్మూలాల్లో కట్టెలు అమ్మిన మనిషి మాటలు నీకు కనపడలేదా? నువ్వు ఆయనకి ఒక్క లైను ఇచ్చావు. ఎగువ నుంచి పడవల మీద వచ్చిన కట్టెలు రేవులో కొని ఆవిడకి వేసేవాడు. "మొదటి గంగాళం కొన్నప్పుడు నేను పక్కనే ఉన్నాను, డబ్బు చీర కొంగులోంచి తీసి ఇచ్చింది, శనివారం శనివారం బాకీ తీర్చేది" అని చెప్పాడు. అవతలి ప్లీడరు వెంటనే, "కొంగులో ఉన్న డబ్బు ఎవరిదో నీకెలా తెలుసు?" అని అడిగాడు. "నాకు తెలియదు" అని ఆయన ఒప్పుకుని వేలిముద్ర వేశాడు. అమ్మాయీ, నీ పుస్తకం మొత్తం ఆ కొంగు ముడిలో ఉంది. పాతికేళ్ళు పొయ్యి దగ్గర నిలబడిన మనిషి జీవితాన్ని, మొదటి గిన్నె ఎవరి డబ్బుతో కొన్నావు అనే ప్రశ్నకి కుదించి, ఆవిడ లేనప్పుడు, ఆవిడ గురించి పదిమంది మగవాళ్ళు వాదించుకున్నారు. నువ్వు తిట్లు ఏమీ జోడించక్కర్లేదు. ఆ ప్రశ్నా, ఆ జవాబూ ఉన్నవి ఉన్నట్టు పెట్టు.

ఇక వెతుకులాట సంగతి. "1953 వరదలో కాగితాలన్నీ పోయాయి" అని మీ పెద్దవాళ్ళు అన్నారని రాశావు. గోదావరి ఒడ్డున ఏ ఇంట్లో అడిగినా ఇదే మాట వినిపిస్తుంది, చాలాసార్లు నిజం కూడా. కానీ వరదలో పోయింది ఇంట్లో ఉన్న ప్రతి. సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో ఉన్న ప్రతి వేరు. స్థిరాస్తి దస్తావేజులు ఒకటో నంబరు పుస్తకంలో ఎక్కిస్తారు, వీలునామాలు మూడో నంబరు పుస్తకంలో. వీలునామా రాసిన మనిషి పోయాక దాని నకలు ఎవరైనా అడిగి తీసుకోవచ్చు. ఆవిడ పేరుతో వెతికి దొరకలేదన్నావు కదా, ఆ రోజుల్లో ఆడవాళ్ళ పేరు దస్తావేజులో విడిగా రాయడం తక్కువ, "లేటు ఫలానా వారి భార్య" అని రాసేవారు. భర్త పేరుతో, ఆయన ఇంటిపేరుతో వెతుకు. పేర్ల సూచికలో దొరక్కపోతే ఆస్తి సూచికలో చూడు, అది వేరే ఉంటుంది. దస్తావేజు దొరికితే చివర చెక్కుబందీ చదవకుండా వదిలిపెట్టకు. తూర్పు ఎవరి గోడ, దక్షిణం ఏ సందు, పడమర ఎవరి దొడ్డి, ఉత్తరం ఏది. ఆ నాలుగు హద్దుల్లో ఆవిడ ఇరుగుపొరుగు పేర్లు ఉంటాయి. వాళ్ళ దస్తావేజులు తీస్తే వాళ్ళ హద్దుల్లో ఆవిడ ఇల్లు కనిపిస్తుంది. నేను ఒక వీధి మొత్తాన్ని అలా కట్టుకున్నాను, ఆరు నెలలు పట్టింది.

నీ మూడో అధ్యాయంలో ఆవిడ కందుకూరి వీరేశలింగం పంతులుగారి దగ్గరికి వెళ్ళి మాట్లాడినట్టు రాశావు. ఆ ఊళ్ళోనే, 1881 డిసెంబరు 11న, పంతులుగారు మొదటి వితంతు వివాహం చేయించారు. ఆ కబురు ఆవిడ చెవిన పడకుండా ఉండదు, రేవు దగ్గర పూటకూళ్ళ ఇంట్లో ఊరి కబుర్లన్నీ విస్తరి ముందే తెలుస్తాయి. అంతవరకు రాయి. కలిసిందని ఏ కాగితంలో ఉంది? లేదు కదా, తీసెయ్యి. పెద్దవాళ్ళ పక్కన నిలబెడితేనే ఆవిడ పెద్దదవుతుందని అనుకోకు.

ఆవిడ రోజు ఎలా గడిచిందో రాయి. పూటకూళ్ళమ్మ అనగానే మన చదువరికి గురజాడ కన్యాశుల్కంలోని పాత్ర కళ్ళముందు నిలబడుతుంది, చీపురుకట్టతో సహా. ఆ బొమ్మ పక్కకి జరగాలంటే నీ దగ్గర అంతకంటే గట్టి వివరం ఉండాలి. క్రీడాభిరామం అనే పాత కావ్యంలో, ఓరుగల్లులో లక్ష్మణవజ్ఝల అనే ఆయన పూటకూళ్ళ ఇంట్లో రూకకి, అంటే అప్పటి ఒక నాణేనికి, ఏం పెట్టేవారో ఒక పద్యంలో ఉంది. కప్పురభోగి బియ్యపు అన్నం, గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపళ్ళు, గడ్డపెరుగు. వందల ఏళ్ళ కిందటి మనిషి. ఎప్పుడు పుట్టాడో, ఎంత ఆస్తి ఉందో ఎవరికీ పట్టలేదు. విస్తట్లో ఏం వడ్డించాడో, ఎంత తీసుకున్నాడో మాత్రం మిగిలింది. ఏనుగుల వీరాస్వామి కూడా 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరి, మజిలీ మజిలీకి బస ఎలా ఉంది, నీళ్ళు ఎలా ఉన్నాయి, అంగళ్ళున్నాయా అని రాసుకుంటూ వెళ్ళాడు. దారిన పోయేవాడికి ముందు కావలసినవి అవే.

మీ ముత్తాత మేనత్త దగ్గరికి ఎవరొచ్చేవారు? కాలవ పడవల్లో కాకినాడ వైపు నుంచీ ఏలూరు వైపు నుంచీ వచ్చేవాళ్ళు. గోదావరి స్నానానికి వచ్చేవాళ్ళు. చదువుకునే కుర్రాళ్ళు. అందరికంటే ఎక్కువగా కోర్టు వాయిదాలకి వచ్చేవాళ్ళు. రాజమండ్రిలో జిల్లా కోర్టు ఉంది కదా, కేసు పిలిచేదాకా రెండు మూడు రోజులు పడి ఉండాల్సి వచ్చేది. పాతికేళ్ళపాటు పరాయివాళ్ళ ఆస్తి తగాదాలు వింటూ వాళ్ళకి చారు పోసింది. తన ఇంటి మీద కూడా ఒకరోజు ఇలాగే వాయిదాలు పడతాయని ఆవిడకి తెలిసే ఉంటుంది. లేకపోతే పిల్లలు లేని మనిషి అంత జాగ్రత్తగా వీలునామా ఎందుకు రిజిస్టరు చేయిస్తుంది? ఇది నా ఊహ. ఊహ అని చెప్పి నువ్వూ రాయొచ్చు.

ఇంకో సంగతి నీ పేజీల్లో ఎక్కడా లేదు. 1900లో గోదావరి మీద రైలు వంతెన పూర్తయింది. అంతవరకు బెజవాడ వైపు నుంచి రైల్లో వచ్చినవాళ్ళు కొవ్వూరులో దిగి పడవెక్కి ఇవతలికి రావాలి. గాలివాన ఉంటే ఆగిపోవాలి. ఆగినవాడికి అన్నం కావాలి. వంతెన వచ్చాక రైలు నది దాటి వెళ్ళిపోయింది. రేవు దగ్గర ఆగాల్సిన అవసరం తగ్గింది. నీ దగ్గరున్న తనఖా కాగితం 1903 నాటిది. ఆవిడ ఎందుకు అప్పు చేసింది అని నువ్వు ఆశ్చర్యపోయావు. "బంధువుల దుబారా వల్ల" అని రాశావు. ఒకసారి తారీఖులు పక్కపక్కన పెట్టి చూడు.

కష్టమైనది కూడా చెప్పాలి. ఆ ఇంట్లో పంక్తిలో ఎవరు కూర్చున్నారు, అరుగు మీద ఎవరికి పెట్టారు, గడప తొక్కనివ్వనిది ఎవరిని? వాంగ్మూలం ఇచ్చిన ఆ కట్టెలాయన పాతికేళ్ళు ఆ పొయ్యికి కట్టెలు వేసి, ఆ ఇంట్లో ఒక్కపూటయినా అన్నం తిన్నాడా? ఆవిడ మీద ప్రేమ కొద్దీ ఇది దాచాలనిపిస్తుంది నీకు. దాచకు. ఆవిడకి మేలు చేసే సాక్ష్యం చెప్పినవాడు బయట నిలబడి చెప్పాడు అన్నది ఆ కథలో నాకు అన్నిటికంటే బాధ కలిగించిన విషయం.

అవతలివాళ్ళ దగ్గరికి కూడా వెళ్ళు. వాళ్ళ మునిమనవళ్ళు అదే ఊళ్ళో ఉన్నారన్నావు. ఫోను చేసి, ఫలానా వాళ్ళ అమ్మాయిని, కేసు గురించి కాదు, ఆవిడ గురించి వింటానికి వస్తానని చెప్పు. తలుపు వేసేసినా తప్పు లేదు, వాళ్ళకీ మూడు తరాల మంట ఉంటుంది. వాళ్ళింట్లో ఈ కథ ఎలా చెప్పుకుంటారో తెలియకుండా అచ్చుకి ఇవ్వకు. ఇంటి తాలూకు ఏదైనా తగాదా ఇంకా మిగిలి ఉంటే ముందు ఒక లాయరుకి చూపించు. బతికున్న వాళ్ళ పేర్లు మార్చు.

ఒక్క పని మాత్రం ఈ వారంలోనే చెయ్యి. ఆ మొదటి గంగాళం మీ అత్తయ్యగారింట్లో, మేడమీద గదిలో, పాత పరుపుల కింద ఉందని ఉత్తరం చివర ఏదో మాటవరసకి రాశావు. ఇత్తడి సామాను కొన్నప్పుడు పేరు కొట్టించడం మనవాళ్ళ అలవాటు. అంచు కింద గానీ, చెవి పక్కన గానీ ఉంటుంది. చింతపండు పెట్టి తోమకు, అరిగిపోతుంది. తడిగుడ్డతో తుడిచి, పల్చటి కాగితం పెట్టి, పైన పెన్సిలు మెల్లగా రుద్దు. భర్త పేరుందా, ఆవిడ పేరుందా, ఇంకెవరిదైనా ఉందా చూసి, ఆ కాగితం నాకు పోస్టు చెయ్యి.

మీ అమ్మగారికి నమస్కారాలు చెప్పు.