కంచు ఖడ్గమా, ఇత్తడి ఖడ్గమా?

సందేహం: చైనాలో దొరికిన, ప్రాచీన యువే రాజ్యాన్ని ఏలిన గౌజియన్ రాజు ఖడ్గాన్ని గురించిన తెలుగు వ్యాసమొకదానిలో దానిని ‘ఇత్తడి ఖడ్గం’ అనీ, ‘కాంస్య కత్తి’ అనీ, ‘రాజు స్వయంగా చేసిన కత్తి’ అనీ రాశారు. తయారుచేసిన వారిని ‘కమ్మరులు’ అన్నారు. ఇవి సరైన ప్రయోగాలేనా?

సమాధానం: ‘ఇత్తడి’ పొరపాటు. రాగిలో తగరం కలిస్తే కంచు, జింకు కలిస్తే ఇత్తడి. 1965లో హుబే రాష్ట్రంలోని ఒక సమాధిలో, ఒరలో ఉండగానే బయటపడిన ఈ సుమారు 56 సెం.మీ. ఖడ్గం ప్రధానంగా రాగి, తగరాల మిశ్రమం. తగరం పాలు పెరిగినకొద్దీ కంచు గట్టిపడుతుంది, పెళుసుబారుతుంది కూడా. అందుకే ప్రాచీన చైనా గ్రంథం ‘కావో గోంగ్ జీ’ గంటలకు, గొడ్డళ్లకు, ఖడ్గాలకు, అద్దాలకు వేర్వేరు పాళ్లు విధించింది.

‘కాంస్య ఖడ్గం’ రెండు సంస్కృత పదాలు కలిసిన సిద్ధసమాసం, ‘కంచు కత్తి’ అచ్చమైన తెలుగు, రెండూ నిర్దోషాలే. ‘కాంస్య కత్తి’ మాత్రం ‘రాజ ఇల్లు’ వలె సంస్కృత పదానికి తెలుగు పదం అతికిన దుష్టసమాసం. కాంస్యాన్ని వదులుకోలేకపోతే పుంప్వాదేశం చేసి, అంటే ‘కాంస్యము’లోని ‘ము’ స్థానంలో ‘పు’ చేర్చి, ‘కాంస్యపు కత్తి’ అనవచ్చు.

ఇక ‘కమ్మరి’. ఇనుమును కొలిమిలో ఎర్రగా కాల్చి, దాగలి మీద సుత్తితో సాగగొట్టేవాడు కమ్మరి. ఈ ఖడ్గానికి జరిగిన పని వేరు: మూసలో కరిగించిన కంచును మట్టి అచ్చులో పోసి, చల్లారిన తరువాత అంచులకు పదును పెట్టారు. కంచుపని చేసేవానికి మనకు ‘కంచరి’ అనే చక్కని మాట ఉన్నది. అది నేడు కొందరికి కులనామంగానే వినిపిస్తుంది గనుక, పరదేశపు పనివారి విషయంలో ‘కంచు పోతపనివారు’ అనడమే నాకు ఉచితంగా తోస్తుంది. అటువంటప్పుడు క్రియ కూడా ‘పోతపోశారు’ అనే ఉండాలి.

చివరిది ‘స్వయంగా చేసిన’. ఖడ్గం మీద పక్షిలిపిలో, అంటే పక్షుల ఆకృతులతో అలంకరించిన ప్రాచీన చైనా లిపిలో, ఎనిమిది అక్షరాలున్నాయి. యువే రాజు గౌజియన్ తన వాడకానికి తానే చేసిన ఖడ్గమని వాటికి మాటకు మాట అర్థం. కాకతీయ రాజులు చెరువులు తవ్వించారంటాము గాని తవ్వారని అనము కదా! ఇక్కడా ప్రేరణార్థకమే సరి: ‘చేయించుకున్న ఖడ్గం’. పోతపోసినవాని పేరు ఆ ఎనిమిది అక్షరాలలో లేదు. ‘చేసిన’ అని రాస్తే వాని పని కూడా రాజు ఖాతాలోకే పోతుంది.