మంచి చాక్లెట్ ఒక్క ముక్కతోనే తృప్తి ఎందుకు కలుగుతుంది?

ఏ రుచైనా మొదటి రెండు మూడు కొరుకుల్లోనే బాగా తెలుస్తుంది, అందుకే మంచి చాక్లెట్ చిన్న ముక్క తిన్నా తృప్తిగా ఉంటుంది. అదే రుచి మళ్లీ మళ్లీ తగిలితే కడుపు నిండకముందే మోజు తగ్గిపోతుంది. భోజనం ఇక చాలన్నవాళ్లు కూడా స్వీట్ రాగానే చెయ్యి చాపేది ఇందుకే. మొహం మొత్తింది అప్పటిదాకా తిన్న రుచే, తిండి కాదు.

చాక్లెట్‌లోని కోకో బటర్ (కోకో గింజల కొవ్వు) దాదాపు 34 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. నోటి వేడి అంతకంటే కాస్త ఎక్కువ. ముక్కను కొరకకుండా నాలుక మీద ఉంచితే ముందు అంచులు మెత్తబడతాయి, తర్వాత మెల్లగా కరిగి, వాసన గొంతు వెనక నుంచి ముక్కుకు చేరుతుంది. మనం రుచి అనుకునేదాంట్లో చాలా భాగం ఈ వాసనే (జలుబు చేసినప్పుడు ఏం తిన్నా చప్పగా ఉంటుందిగా!). గబగబా నమిలి మింగేస్తే ఇదంతా వృథా.

ఖరీదైనదే నాణ్యమైనదని చాలామంది పొరపాటు పడతారు. ధర కన్నా ప్యాకెట్ వెనక పదార్థాల పట్టిక చూడటం మేలు. ఎక్కువ మోతాదులో ఉన్నదాన్ని ముందు రాస్తారు. చక్కెర మొదట ఉంటే మీరు కొంటున్నది ముఖ్యంగా చక్కెరే, పైన కాగితం ఎంత మెరిసినా.