యూనివర్సిటీలో హెచ్‌ఆర్ పని మా అమ్మాయికి సరిపడుతుందా?

ప్రశ్న: మాది భూపాలపల్లి. నేను సింగరేణి ఉద్యోగిని. మా అమ్మాయి హనుమకొండలో హాస్టల్లో ఉండి బీకాం చివరి ఏడాది చదువుతోంది. నెట్‌లో బ్రిటన్‌లోని ఒక యూనివర్సిటీ ఇచ్చిన ‘హెచ్‌ఆర్ అడ్వైజర్’ ప్రకటన చదివి, నేనూ ఇదే చేస్తానంటోంది. హెచ్‌ఆర్ అంటే కంపెనీల్లో మనుషుల్ని తీసుకోవడం, తీసేయడం కదా, యూనివర్సిటీలో వాళ్లకేం పని? మన దగ్గర అలాంటి ఉద్యోగాలు ఉన్నాయా? ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు మూడు నెలల హెచ్‌ఆర్ కోర్సుకు నలభై వేలు అడుగుతున్నారు. కట్టాలా?

జవాబు: ఈ పని మీకు తెలియనిదేం కాదు. గని మీద పర్సనల్ ఆఫీసర్, వెల్ఫేర్ ఆఫీసర్ దగ్గరికి మీరు ఎన్నోసార్లు వెళ్లే ఉంటారు. మస్టర్‌లో (హాజరు లెక్కలో) తేడా వచ్చినా, సెలవు మంజూరు కాకపోయినా, డిపెండెంట్ ఉద్యోగం ఫైలు ఆగినా వాళ్ల బల్ల దగ్గరే నిలబడాలి. పెద్ద గనిలో వెల్ఫేర్ ఆఫీసర్ ఉండి తీరాలని 1955 నాటి మైన్స్ రూల్స్‌లోనే పెట్టారు. యూనివర్సిటీ హెచ్‌ఆర్ ఆ కోవకు చెందిన పనే. కాకపోతే అక్కడ బల్లకు అవతల ఉండేది ప్రొఫెసర్లు, ల్యాబ్ అసిస్టెంట్లు, కాంట్రాక్టు లెక్చరర్లు, వాచ్‌మన్‌లు.

మీ అమ్మాయి చదివిన బ్రిటన్ పోస్టులో ప్రధానమైన పని సలహా చెప్పడం. ఒక డిపార్ట్‌మెంట్‌లో ఎవరో తరచూ సెలవు పెడుతుంటారు, ఇంకొకరి మీద ఫిర్యాదు వస్తుంది. ఏం చేయాలో హెడ్‌కు తెలియదు. రూలు ఏమంటోందో, ఏ మెట్టు తర్వాత ఏ మెట్టో చెప్పేది అడ్వైజర్. నిర్ణయం మాత్రం హెడ్‌దే. అక్కడ ఆ పోస్టుకు సీఐపీడీ అనే వృత్తి సంస్థ అర్హతను ఎక్కువగా అడుగుతారు.

మన ప్రభుత్వ యూనివర్సిటీల్లో హెచ్‌ఆర్ అనే బోర్డు సాధారణంగా కనిపించదు. కాకతీయలోనైనా, కరీంనగర్ శాతవాహనలోనైనా, డిచ్‌పల్లి తెలంగాణ యూనివర్సిటీలోనైనా ఆ పని చేసేది రిజిస్ట్రార్ కింద ఉండే ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్. జూనియర్ అసిస్టెంట్ నుంచి సూపరింటెండెంట్, అసిస్టెంట్ రిజిస్ట్రార్, డిప్యూటీ రిజిస్ట్రార్ దాకా ఒక వరుస ఉంటుంది. వరంగల్ నిట్‌లోనూ ఇంచుమించు ఇదే పద్ధతి. ప్రైవేటు యూనివర్సిటీల్లోనే హెచ్‌ఆర్ ఎగ్జిక్యూటివ్, హెచ్‌ఆర్ మేనేజర్ అని నేరుగా పిలుస్తారు.

ఆ సెక్షన్‌లో ఏం చేస్తారో ఒక ఫైలు పట్టుకుని చూద్దాం. ఒక అసిస్టెంట్ ప్రొఫెసర్ ప్రమోషన్‌కు దరఖాస్తు పెట్టారనుకోండి. 2018 యూజీసీ రెగ్యులేషన్స్ ప్రకారం జీతాల లెవెల్ 10 నుంచి 11కు వెళ్లాలంటే పీహెచ్‌డీ ఉన్నవారికి నాలుగేళ్ల సర్వీసు, ఎంఫిల్ ఉన్నవారికి ఐదేళ్లు, రెండూ లేనివారికి ఆరేళ్లు కావాలి. వినడానికి తేలికే. సీటులో కూర్చున్నవాళ్లు సర్వీస్ రిజిస్టర్ తెరిచాక చిక్కులు మొదలవుతాయి. చేరిన తేదీ ఆర్డర్‌లో ఒకటి, జాయినింగ్ రిపోర్ట్‌లో ఇంకొకటి ఉంటుంది. పీహెచ్‌డీ చేరేనాటికే ఉందా, తర్వాత వచ్చిందా? మధ్యలో జీతం లేని సెలవు ఏమైనా వాడారా? అంతకుముందు ప్రైవేటు కాలేజీలో చేసిన సర్వీసు కలపమంటున్నారు, కలుస్తుందా? చేయాల్సిన ఓరియెంటేషన్ కోర్సు చేశారా? ఇంతలో దరఖాస్తుదారే వచ్చి ‘పక్క డిపార్ట్‌మెంట్ సార్‌కు పోయినేడు ఇచ్చారు కదా’ అంటారు. దాంతో ఆ పాత ఫైలు కూడా బీరువాలోంచి బయటికి తీయాలి.

ఇదంతా చూసి రిజిస్ట్రార్‌కు అర పేజీ నోట్ రాయాలి: విషయం ఇది, రూలు ఇది, గతంలో ఇలా చేశారు, ఫలానా తేదీ నుంచి అర్హత ఉంది లేదా లేదు. తేదీ తప్పు రాస్తే అప్పటికి ఎవరికీ తెలియకపోవచ్చు. ఏళ్ల తర్వాత ఆడిట్ అభ్యంతరం వస్తుంది, ఆ సార్ రిటైరయ్యే ముందు ఎక్కువిచ్చిన జీతం రికవరీ పడుతుంది, పెన్షన్ కాగితాలు అక్కడే ఆగుతాయి. నా లెక్కలో ఈ ఉద్యోగానికి అసలు పరీక్ష ఆ అర పేజీ నోటే. ఇంటర్వ్యూలో ‘ఐ లవ్ వర్కింగ్ విత్ పీపుల్’ అని చెప్పే పిల్లలు చాలామంది ఉంటారు. నాలుగు కాగితాలు చదివి ఆరు వాక్యాల్లో తేల్చి రాయగలిగేవాళ్లు తక్కువ.

నియామకాల రోస్టర్ ఇంకో పెద్ద పని. ఏ పోస్టు ఏ రిజర్వేషన్ కేటగిరీకి పోతుందో తేల్చేది ఆ రిజిస్టరే. కేంద్ర విద్యాసంస్థల్లో టీచర్ పోస్టులకు డిపార్ట్‌మెంట్‌ను కాకుండా సంస్థ మొత్తాన్ని ఒక యూనిట్‌గా తీసుకోవాలని 2019లో చట్టం వచ్చింది. నిట్‌కైనా, ములుగులోని సమ్మక్క సారక్క కేంద్ర గిరిజన యూనివర్సిటీకైనా అదే వర్తిస్తుంది. రాష్ట్రంలో 2025 ఏప్రిల్‌లో ఎస్సీ వర్గీకరణ అమల్లోకి వచ్చి, 15 శాతాన్ని మూడు గ్రూపులకు 1, 9, 5 శాతాలుగా పంచారు. పాత రోస్టర్ పట్టిక బట్టీ పట్టినవాళ్లు మళ్లీ మొదటికి రావాల్సిందే. ఇక్కడ పొరపాటు జరిగితే నోటిఫికేషన్ మీద హైకోర్టులో రిట్ పడుతుంది. అప్పుడు లాయర్‌కు పేరావారీగా జవాబులు తయారుచేసి ఇచ్చేదీ ఈ సెక్షనే.

ప్రైవేటు యూనివర్సిటీలో పని తీరు వేరు. ఆఫర్ లెటర్లు, బయోమెట్రిక్ హాజరు, పీఎఫ్, ఈఎస్ఐ, జూన్‌లో హడావుడిగా ఫ్యాకల్టీ నియామకాలు. మీరు అడిగిన ‘తీసేయడం’ కూడా ఇక్కడ కొంత ఉంటుంది, దాచిపెట్టి లాభం లేదు. అడ్మిషన్లు తగ్గిన బ్రాంచిలో లెక్చరర్లకు ఆ మాట చెప్పే బాధ్యత చాలాసార్లు హెచ్‌ఆర్ నెత్తినే పడుతుంది. అలాంటి రోజున రూలు తెలిసిన మనిషి సీటులో ఉంటే, వెళ్లిపోయేవాళ్లకు రావాల్సింది చేతికి అందుతుంది. గ్రాట్యుటీనే తీసుకోండి. టీచర్లు గ్రాట్యుటీ చట్టం కిందికి రారని 2004లో సుప్రీంకోర్టు అంది. పార్లమెంటు 2009లో చట్టాన్ని సవరించి, 1997 ఏప్రిల్ 3 నుంచే వాళ్లకూ వర్తించేలా చేసింది. ఈ సంగతి తెలియక హక్కు వదులుకుని ఇంటికి పోయినవాళ్లు ఉన్నారు. 2025 నవంబర్ 21 నుంచి పాత కార్మిక చట్టాల స్థానంలో నాలుగు లేబర్ కోడ్‌లు కూడా అమల్లోకి వచ్చాయి. అమ్మాయి పాత ఎడిషన్ లేబర్ లా పుస్తకం కొనకుండా చూడండి.

ఆమె స్వభావం సంగతి కూడా ఆలోచించండి. హనుమకొండ, వరంగల్, కాజీపేట పేరుకు మూడైనా ఊరు ఒకటే. పెళ్లికి వెళితే పక్కన కూర్చున్నాయన ‘మా బావమరిది ఫైలు ఎక్కడిదాకా వచ్చిందమ్మా’ అని అడుగుతాడు. లైంగిక వేధింపుల ఫిర్యాదు విషయమైతే చట్టమే పేర్లు బయటపెట్టొద్దంటుంది. నవ్వి మాట మార్చగలగాలి. పెద్ద ప్రొఫెసర్ గొంతు పెంచినా ‘సార్, ఈ రూలు ప్రకారం కుదరదండి’ అని మర్యాదగా అనగలగాలి. మీ అమ్మాయి ఇంట్లో మీతో వాదించేటప్పుడు ఎలా మాట్లాడుతుందో గుర్తు తెచ్చుకోండి, కొంత అంచనా వస్తుంది.

ఇక దారి. బీకాం తర్వాత ఐసెట్ రాసి ఎంబీఏలో హెచ్‌ఆర్ తీసుకోవచ్చు. కాకతీయలోనే హ్యూమన్ రిసోర్స్ మేనేజ్‌మెంట్‌లో విడిగా పీజీ కూడా ఉంది. దానికి సీపీగెట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. పరీక్ష ఫీజులు ఎక్కువేం కావు కాబట్టి రెండూ రాయించండి. నన్నడిగితే యూనివర్సిటీ ఎస్టాబ్లిష్‌మెంట్ పనికి ఆ హెచ్‌ఆర్ పీజీయే దగ్గర. కంపెనీలూ చూద్దామనుకుంటే ఎంబీఏకు తలుపులు ఎక్కువ. పీజీ తర్వాత యూజీసీ నెట్‌లో లేబర్ వెల్ఫేర్, పర్సనల్ మేనేజ్‌మెంట్, హెచ్‌ఆర్ కలిపి ఒకే సబ్జెక్టుగా ఉంటుంది. అది పాసైతే ఇదే విషయం పాఠం చెప్పే దారీ తెరుచుకుంటుంది.

నిట్‌ల్లో అసిస్టెంట్ రిజిస్ట్రార్‌కు పీజీలో 55 శాతం మార్కులు అడుగుతారు, మూల వేతనం 56,100 నుంచి మొదలు. జూనియర్ అసిస్టెంట్‌కు ఇంటర్, నిమిషానికి 35 పదాల టైపింగ్ చాలు. చిన్న పోస్టని తీసిపారేయకండి, లోపలికి వెళ్లి పరీక్షలు రాసి పైకొచ్చేవాళ్లు ఉంటారు. అయితే ఈ నోటిఫికేషన్లు ఎప్పుడు పడతాయో చెప్పలేం. వాటికోసం గదిలో కూర్చుని ఏళ్లు గడపడం నాకు నచ్చదు. పీజీ అయ్యాక ఏదో ఒక ప్రైవేటు యూనివర్సిటీలోనో, ఆస్పత్రిలోనో హెచ్‌ఆర్‌లో చేరి పని చేస్తూ రాయమనండి. మీ సింగరేణిలోనే హెచ్‌ఆర్ పీజీ చేసినవాళ్లను మేనేజ్‌మెంట్ ట్రైనీలుగా తీసుకున్న నోటిఫికేషన్లు వచ్చాయి, వాటి మీదా ఒక కన్నేసి ఉంచాలి.

పీజీలో ప్రాజెక్టు మాత్రం జిరాక్స్ సెంటర్‌లో కొననివ్వకండి. అదే అంశం మీద అదే ప్రశ్నావళితో ఏటా బైండింగ్ అయ్యే పుస్తకాలు ఇంటర్వ్యూ చేసేవాళ్లకు చూడగానే తెలిసిపోతాయి. ఏదైనా కాలేజీ ఆఫీసులో అనుమతి తీసుకుని సెలవు రికార్డులనో, గెస్ట్ లెక్చరర్ల చెల్లింపులనో నిజంగా పరిశీలించి రాస్తే, ఆ ప్రాజెక్టు గురించే అరగంట మాట్లాడగలదు.

నలభై వేల కోర్సు కట్టొద్దు. అందులో నేర్పే పేరోల్, పీఎఫ్ చలానా పని చేరిన చోట తొందరలోనే వచ్చేస్తుంది. ఈ సెలవుల్లో ఎక్సెల్ బాగా నేర్చుకుని, ఇంగ్లిష్ టైపింగ్ 35 దాటించి, ఇంట్లో మీ సెలవుల రూల్స్ పుస్తకం తీసి చదవమనండి. మీరు ఈ ఏడాది ఎన్ని సెలవులు వాడారు, ఇంకా ఎన్ని మిగిలాయి, ఏ రూలు కింద అనేది ఒక పేజీలో రాసివ్వమనండి. ఆ కాగితాన్ని మీ గని పర్సనల్ ఆఫీసర్‌కు చూపించి తప్పులు దిద్దించండి.