ఇన్ పేరు కాదు, గది చూసుకో

చిన్నీ,

నీ మెసేజ్ చూశాను. మీ అత్తయ్యగారిని, మామయ్యగారిని జార్జియాలోని సవానా తీసుకెళ్తున్నారని, ఈసారి హైవే పక్క హోటల్ వద్దనుకుని డౌన్‌టౌన్‌లో పాత ఇంటినే బసగా మార్చిన చిన్న ఇన్‌లో దిగాలనుకుంటున్నారని రాశావు. మంచి ఆలోచనే. అయితే ఏ ఇన్ రివ్యూలు చూసినా సగం మంది స్వర్గం అంటున్నారని, సగం మంది డబ్బు దండగ అంటున్నారని, ఎవరిని నమ్మాలో తెలియక టెన్షన్‌గా ఉందని కూడా రాశావు. ఇద్దరినీ నమ్ము. వాళ్లు దిగింది ఒకే ఇంట్లో, కానీ వేరే వేరే గదుల్లో.

మనకు అలవాటైన హోటళ్లలో రెండో అంతస్తయినా మూడో అంతస్తయినా అదే మంచం, అదే బాత్రూమ్. సవానా ఇన్‌లు చాలావరకు ఒకప్పుడు ఎవరో డబ్బున్నవాళ్లు తమ కుటుంబం కోసం కట్టుకున్న ఇళ్లు. ఎలైజా థాంప్సన్ హౌస్ 1847 నాటిది, హామిల్టన్ టర్నర్ ఇన్ 1873 నాటిది. కొలంబియా స్క్వేర్ అనే చిన్న పార్కు దగ్గరున్న కెహో హౌస్‌ను 1892లో ఒక ఇనుప ఫౌండ్రీ యజమాని కట్టుకున్నాడు. బయట నుంచి చెక్కనో రాయో అనిపించే అలంకారాలు చాలావరకు పోత ఇనుమే. మధ్యలో చాలా ఏళ్లు అందులో శవాలకు అంత్యక్రియల ఏర్పాట్లు చేసే సంస్థ నడిచింది. ఈ సంగతి మీ అత్తయ్యగారికి తిరిగొచ్చాక చెప్పు. ఇలాంటి ఇంటిని తర్వాతివాళ్లు గదులుగా విడగొట్టినప్పుడు ఒకరికి పాత హాలు వస్తుంది, ఒకరికి పైకప్పు కింద పిల్లల గది వస్తుంది, ఇంకొకరికి కింద వంటిల్లు ఉన్న చోటు వస్తుంది. అందుకే ముందు ఇంటి కట్టడం అర్థం చేసుకో.

వీధిలోంచి చూస్తే ఎత్తయిన మెట్లు కనిపిస్తాయి. ఆ మెట్లెక్కి లోపలికి వెళ్తే వచ్చేది పార్లర్ ఫ్లోర్. ఎత్తయిన కప్పు, నిలువెత్తు కిటికీలు, ఫొటోల్లో చూపించేవన్నీ ఇక్కడివే. కాకపోతే సాయంత్రం అతిథులంతా చేరి కబుర్లు చెప్పుకునే హాలు కూడా ఇక్కడే ఉంటుంది కాబట్టి మాటలు గదిలోకి వినిపిస్తాయి. ఆ మెట్ల కింద, నేలకు సమంగానో కాస్త దిగువగానో ఉండేది గార్డెన్ లెవెల్. పేరు విని మోసపోకు. కొన్నిచోట్ల నిజంగానే వెనక తోటలోకి తలుపు ఉంటుంది. కొన్నిచోట్ల కిటికీ తెరిస్తే పేవ్‌మెంట్ మీద నడిచేవాళ్ల చెప్పులు కనిపిస్తాయి, గోడల్లోంచి చెమ్మ వాసన వస్తుంది. అయినా మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు తరచుగా ఇదే నయం, మెట్లు తక్కువ. పై అంతస్తు ప్రశాంతంగా ఉంటుంది, నెత్తి మీద ఎవరూ నడవరు. కానీ ఇరుకైన మలుపు మెట్ల మీద సూట్‌కేసులు మోసుకెళ్లాలి. మధ్య అంతస్తుల్లో పైవాళ్లు అర్ధరాత్రి లేచి నడిస్తే చెక్క నేల కిర్రుమన్న ప్రతి చప్పుడూ మీకు వినపడుతుంది. అది ఎవరి తప్పూ కాదు, ఆ కాలపు చెక్క అలాగే ఉంటుంది. చెవుల్లో పెట్టుకునే ఇయర్‌ప్లగ్స్ అందరికీ తీసుకెళ్లు.

ఇక వెనకాల పెరట్లో విడిగా ఉండే క్యారేజ్ హౌస్. జంటలకు ఇది బాగా నచ్చుతుంది, ఏకాంతంగా ఉంటుంది. కానీ ఇల్లు బానిసత్వం రద్దయిన 1865కి ముందుదైతే పెరట్లోని ఆ కట్టడం చరిత్ర ఏమిటని తప్పకుండా అడుగు. ఆ రోజుల్లో చాలా ఇళ్లలో గుర్రబ్బండ్లు, గుర్రాలు, వాటితోపాటు ఆ ఇంటివాళ్ల బానిసలు ఉన్నది అక్కడే. కొందరు ఇన్ నడిపేవాళ్లు సూటిగా చెప్తారు, కొందరు మాట మార్చేస్తారు. చెప్పేవాళ్ల దగ్గర దిగడమే నాకిష్టం. ఓగల్‌థార్ప్ స్క్వేర్ దగ్గర ఓవెన్స్ థామస్ హౌస్ అని 1819 నాటి ఇల్లు మ్యూజియంగా ఉంది. అక్కడ బానిసలు ఉన్న గదులను కూడా చూపిస్తారు. వాటి లోపలి కప్పుకు దెయ్యాలు దరిచేరవని నమ్మి వేసిన నీలం రంగు ఇంకా అలాగే ఉంది. ఇన్‌లో దిగిన మొదటి రోజే అది చూడండి. తర్వాత మీరుంటున్న ఇంటిని కూడా వేరే కళ్లతో చూస్తారు. మామయ్యగారు చరిత్ర మాస్టారు కదా, ఆయన్ని అక్కడినుంచి కదిలించడం కష్టమే.

ఆన్‌లైన్‌లో గది ఎంచుకున్నా సరే, ఒకసారి ఫోన్ చెయ్యి. మధ్యాహ్నం చెయ్యి, ఉదయం వాళ్లు టిఫిన్ల హడావుడిలో ఉంటారు. పెద్దవాళ్లతో వస్తున్నామని చెప్పి, వీధి నుంచి గదిలోకి మొత్తం ఎన్ని మెట్లో అడుగు. లిఫ్ట్ ఉందా అంటే లేదనే సమాధానం ఎక్కువగా వస్తుంది. అమెరికాలో దివ్యాంగుల చట్టం ఉంది కదా, ఏదో ఏర్పాటు ఉంటుందిలే అనుకోకు. యజమాని అదే ఇంట్లో ఉంటూ ఐదు గదులకు మించకుండా అద్దెకిచ్చే చోటికి ఆ చట్టం వర్తించదు. చారిత్రక కట్టడాలకూ కొన్ని సడలింపులున్నాయి.

మంచం ఎత్తు కూడా అడుగు. నవ్వకు. పాతకాలపు పందిరి మంచాలకు పక్కన చిన్న చెక్క మెట్టు వేసి ఉంచుతారు. రాత్రి చీకట్లో లేచి, ఆ మెట్టు ఉందని మరిచిపోయి కాలు పెడితే అంతే సంగతులు. బాత్రూమ్‌లో పంజా కాళ్ల తొట్టి ఫొటోలో చాలా అందంగా ఉంటుంది. కానీ అంచు దాటి అందులోకి దిగాలంటే పట్టుకోవడానికి ఏమీ ఉండదు. పెద్దవాళ్ల గదిలో నేల మీద నిలబడి చేసే షవర్ ఉండాలని గట్టిగా చెప్పు. నీకూ అబ్బాయికీ తొట్టి ఉన్న గది తీసుకో. మగ్గు మాత్రం మర్చిపోకుండా నువ్వే పెట్టుకెళ్లు.

టిఫిన్ విషయంలో కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లు ఇబ్బంది పడేది ఇక్కడే. చాలా ఇన్‌లలో వేడివేడిగా వండి, కూర్చోబెట్టి వడ్డిస్తారు. ఏ టైమ్‌కి వస్తారో, ఏం తింటారో ముందురోజు సాయంత్రమే అడుగుతారు. శాకాహారులం అని బుకింగ్ అప్పుడే రాయి, వెళ్లాక మళ్లీ చెప్పు. అక్కడ వెజిటేరియన్ అంటే గుడ్డు తింటారనే అనుకుంటారు. అత్తయ్యగారు గుడ్డు కూడా ముట్టరని విడిగా చెప్పాలి. గ్రిట్స్ అనేది మొక్కజొన్న రవ్వ, తాలింపు లేని ఉప్మాలా ఉంటుంది. ఆవిడకు నచ్చవచ్చు, కానీ రొయ్యలతోనో బేకన్‌తోనో వడ్డించడం అక్కడి ఆనవాయితీ కాబట్టి వెన్నతో మాత్రమే ఇమ్మను. అక్కడ బిస్కట్ అంటే మెత్తటి బన్ను లాంటిది. కొందరు వెన్నతో చేస్తారు, కొందరు పంది కొవ్వుతో చేస్తారు. అడిగితే దాచకుండా చెప్తారు. తెల్లటి గ్రేవీలో సాధారణంగా సాసేజ్ ఉంటుంది. బయట రెస్టారెంట్లలో ఆకుకూర కదా అని కొలార్డ్ గ్రీన్స్ తెప్పించుకోకు, చాలాచోట్ల దాన్ని పంది మాంసం వేసే ఉడికిస్తారు. కారప్పొడి, పచ్చడి చిన్న సీసాల్లో పెట్టుకెళ్లు, ఎవరూ ఏమనరు.

రైస్ కుక్కర్ మాత్రం ఇంట్లోనే వదిలెయ్. ఇండక్షన్ స్టవ్వూ వద్దు. అత్తయ్యగారు పొద్దున్నే అగరొత్తి వెలిగించకుండా ఉండలేరని నాకు తెలుసు. దండం పెట్టుకోమను, అగ్గిపుల్ల గీయొద్దని చెప్పు. 1796లో, మళ్లీ 1820లో మంటలు ఆ ఊరిని చాలావరకు కాల్చేశాయి. పాత చెక్క ఇంట్లో నిప్పంటే వాళ్లకున్న భయం ఉత్తుత్తిది కాదు. పొగ అలారం మోగిందంటే ఇంటిల్లిపాదీ నైట్ డ్రెస్సుల్లో వీధిలో నిలబడాలి.

సాయంత్రం చాలా ఇన్‌లలో వైన్, చిరుతిళ్లు, తర్వాత ఏదో ఒక స్వీటు పెడతారు. డబ్బు అద్దెలోనే కలిసి ఉంటుంది, మొహమాటపడకండి. ప్లేట్లు నింపుకుని గదికి పట్టుకెళ్లడం మాత్రం బాగుండదు. అక్కడే కూర్చోండి. మామయ్యగారి ఇంగ్లిష్ గురించి నువ్వు బెంగపడుతున్నట్టున్నావు. ఆయన్ని వదిలెయ్. ఒహాయో నుంచి వచ్చిన ఏ రిటైర్డ్ టీచరో దొరికితే ఇద్దరూ గంటసేపు మాట్లాడుకుంటారు. ఇలాంటి చోట దిగేదే అందుకు. ఇక దెయ్యాల కథలు. సవానాలో ప్రతి పాత ఇంటికీ ఒక దెయ్యం ఉంటుంది, అది వాళ్ల వ్యాపారంలో భాగం. రాత్రిపూట పైకప్పు తీసేసిన శవవాహనాల్లో టూరిస్టుల్ని తిప్పుతూ కథలు చెప్తారు. మీ కిటికీ కింద ఆగి మీ ఇంటి గురించే చెప్పినా ఆశ్చర్యపోకు.

కొన్ని చిన్న విషయాలు గబగబా రాస్తాను. రాత్రంతా రిసెప్షన్‌లో మనిషి ఉండడు. మీ ఊరు షార్లెట్‌లో ఆఫీసు అయ్యాక బయల్దేరితే చీకటి పడ్డాకే చేరతారు, కాబట్టి తలుపు కోడ్ ముందే తీసుకో. చాలా ఇన్‌లకు సొంత పార్కింగ్ ఉండదు. ముందు సామాను, పెద్దవాళ్లను దించి తర్వాత కారు పెట్టుకోండి. వీధి ఊడ్చే రోజు బోర్డు మీద చూడకుండా కారు వదిలితే జరిమానా ఖాయం. మార్చి 17న వచ్చే ఐరిష్‌వాళ్ల పండుగ సెయింట్ పాట్రిక్స్ డే దరిదాపుల్లో వెళ్లొద్దు, అద్దెలు పెరుగుతాయి, జనం కిటకిటలాడతారు, పెద్దవాళ్లు నడవలేరు. క్యాన్సిల్ చేస్తే డబ్బు తిరిగిచ్చే గడువు హోటళ్ల కంటే ముందే అయిపోతుంది, వాళ్ల గదులే పదీ పదిహేను. అద్దె మీద పన్నులు కాక జార్జియా రాష్ట్రం రాత్రికి ఐదు డాలర్లు విడిగా వసూలు చేస్తుంది.

ఊళ్లో తిరగడానికి కారు తియ్యకండి. ఊరిని స్థాపించిన ఓగల్‌థార్ప్ 1733లో వేసిన ప్లాన్ ప్రకారం నాలుగడుగులకో స్క్వేర్ వస్తుంది, ఇప్పటికి 22 మిగిలాయి. ప్రతి దాంట్లో చెట్ల నీడన బెంచీలున్నాయి, అత్తయ్యగారు కూర్చుంటూ కూర్చుంటూ నడవొచ్చు. డాట్ అనే ఉచిత బస్సు కూడా ఉంది. నది ఒడ్డున రివర్ స్ట్రీట్‌కు దిగే పాత రాతి మెట్లు మాత్రం బాగా నిటారుగా ఉంటాయి, పెద్దవాళ్లను అటు దించకు. ఎల్లిస్ స్క్వేర్‌కు వెళ్తే మామయ్యగారికి ఒక కథ చెప్పు. అక్కడి పాత మార్కెట్‌ను 1954లో పడగొట్టి కార్ల గ్యారేజీ కట్టారు. అది చూసి మండిపడ్డ ఆ ఊరి ఆడవాళ్లు ఏడుగురు మరుసటి ఏడాది ఒక సంస్థ పెట్టి, అలాగే కూలగొట్టబోతున్న డావెన్‌పోర్ట్ హౌస్‌ను కాపాడారు. ఆ ఊపు లేకపోతే మీరు దిగబోయే ఇల్లు కూడా ఈపాటికి పార్కింగ్ అయ్యుండేదేమో. గ్యారేజీని తర్వాత తీసేశారు, స్క్వేర్ 2010లో మళ్లీ తెరిచారు.

గది ఖాయం చేసేముందు దాని పేరో నెంబరో నాకు పంపు. అదే గది పేరు రాసిన రివ్యూలు వెతికి చదువుదాం, మిగతావి వదిలెయ్. వచ్చాక నువ్వు రాసేటప్పుడు కూడా ఏ గదో, ఎన్ని మెట్లో రాయి. మంచం కింద దుమ్ము ఉందని ఫిర్యాదు చేయాలనుంటే అక్కడుండగానే చెప్పు, అప్పటికప్పుడు తుడిపిస్తారు.

అబ్బాయికి ఆశీస్సులు, మీ అత్తయ్యగారికీ మామయ్యగారికీ నా నమస్కారాలు.

పెద్దమ్మ