సైకిల్‌కి గాలి దిగిపోయిందంటే పంచరే అనుకోకండి

మల్కిపురం దగ్గర ఉంటామని, అమ్మాయి కాలేజీకి వెళ్లే సైకిల్‌కి రెండ్రోజులకోసారి వెనక చక్రం గాలి దిగిపోతోందని, ఏడాది తిరక్కుండానే చైను తుప్పు పట్టిందని రాశారు. ఇంట్లో చేసుకోగలిగినవి ఏమిటని, పంచరు కాకుండా ట్యూబులో పోసే జెల్లు మంచిదేనా అని అడిగారు.

మాదీ రాజోలు వైపేనండి. బడికి రోజూ సైకిల్ మీదే వెళ్తాను. మా ఊళ్లో సైకిల్ షాపు మూసేసి చాలా ఏళ్లయింది. సెంటర్లో పంచరు షాపు ఉంది గానీ అక్కడ మోటారు సైకిళ్లు వరసలో ఉంటాయి, మన వంతు వచ్చేసరికి బడిలో ఫస్ట్ బెల్ అయిపోతుంది. అందుకని చాలావరకు ఇంట్లోనే చేసుకోవడం అలవాటైంది.

ముందు గాలి సంగతి. రెండు రోజులు ఆగి మెల్లగా దిగుతోందంటే ముందు వాల్వుని అనుమానించండి. మామూలు సైకిళ్లకి వాల్వు లోపల చిన్న పిన్ను, దానికి తొడిగిన సన్నటి రబ్బరు గొట్టం ఉంటాయి. ఆ గొట్టాన్నే వాల్వ్ ట్యూబ్ అంటారు. ఎండకి ఎండి అది చీలుతుంది. గాలి నిండా కొట్టి వాల్వు మూతి మీద కాస్త సబ్బు నురగ రాయండి. బుడగ లేచిందా, ట్యూబు జోలికి వెళ్లక్కర్లేదు. పైన బిగించిన నట్టు విప్పి పిన్ను లాగి, పాత రబ్బరు ఊడదీసి కొత్తది తొడగడమే. తొడిగేటప్పుడు నీళ్లతో తడపండి, నూనె మాత్రం వద్దు. పిన్ను పక్కనున్న చిన్న బెజ్జం పూర్తిగా మూసుకునేదాకా రబ్బరు రావాలి. ఆ గొట్టం ముక్క పెద్ద ఖరీదేం కాదు, రెండు మూడు తెచ్చి అమ్మాయి బ్యాగులో పడేయండి. మీది లావు టైర్ల సైకిలై, వాల్వు మోటారు సైకిల్‌కి ఉన్నట్టే ఉంటే లోపల ఈ రబ్బరు ఉండదు. అప్పుడు లోపలి పిన్ను వదులైందేమో చూసి బిగించుకోవాలి.

వాల్వు బాగానే ఉంటే అప్పుడు ట్యూబు. చక్రం విప్పక్కర్లేదు. సైకిల్‌ని తలకిందులు చేసి, సీటూ హ్యాండిలూ గోనె సంచి మీద ఆనించి, టైరుకి ఒక పక్క అంచు మాత్రం రిమ్ము బయటికి తీస్తే చాలు, ట్యూబు చేతికొస్తుంది. స్క్రూడ్రైవరుతో మాత్రం పొడవకండి, ఉన్న బెజ్జానికి ఇంకోటి తోడవుతుంది. టైరు అంచు ఎత్తే లివర్లు లేకపోతే నున్నటి స్టీలు చెంచా కాడ సరిపోతుంది.

ట్యూబుకి గాలి కొట్టి వెడల్పాటి బేసిన్‌లో కొంచెం కొంచెంగా ముంచుతూ తిప్పండి. పెద్ద చిల్లయితే బుడబుడమంటుంది, వెతకక్కర్లేదు. ముల్లు గుచ్చిన సన్న బెజ్జం అలా కాదు. ఆవగింజంత బుడగ ఒకటి వచ్చి ట్యూబుకే అంటుకుని నిలబడుతుంది. కాసేపటికి అది విడిపోయి పైకి తేలుతుంది, వెనకాలే ఇంకోటి. గబగబా తిప్పేస్తే కనపడదు. కనపడగానే తుడిచి, బాల్ పెన్నుతో చుట్టూ పెద్ద గీత గీయండి. దగ్గరగా చిన్న చుక్క పెడితే గరుకు కాగితం రుద్దినప్పుడు చెరిగిపోతుంది.

బెజ్జం ఎక్కడుందో చూస్తే కారణం తెలిసిపోతుంది. టైరు నేలకి తగిలే వైపు ఉంటే ముల్లో మేకో. రిమ్ము వైపు ఉంటే లోపల చక్రం పుల్ల (స్పోకు) మొన పొడుచుకుంటోంది, లేదా దాని మీద వేసిన రిమ్ము టేపు చిరిగింది. అది సరిచేయకుండా ప్యాచ్ వేస్తే వారానికి మళ్లీ అదే కథ. పక్కపక్కనే రెండు చీలికలు కనిపిస్తే మాత్రం ముల్లు కోసం వెతకకండి. గాలి తక్కువగా ఉన్నప్పుడు తూము అంచో స్పీడ్ బ్రేకరో ఎక్కించారు, రిమ్ముకీ రోడ్డుకీ మధ్య ట్యూబు నలిగింది. వాల్వు మొదట్లోనే చిరిగితే ప్యాచ్ నిలవదు, ట్యూబు మార్చేయడమే. కొనేటప్పుడు బ్యుటైల్ ట్యూబు అడగండి. మామూలు రబ్బరు ట్యూబు కంటే గాలి చాలా రోజులు పట్టి ఉంచుతుంది.

మన వైపు ఎక్కువగా తగిలేది తుమ్మముల్లే. కాలవగట్టు మీద నడిచినా, పుంతదారిలో కంచెకి వేసిన కంప పక్కనుంచి వెళ్లినా అది తప్పదు. దాంతో చిక్కేమిటంటే మొన విరిగి టైరులోనే ఉండిపోతుంది. బయటినుంచి చూస్తే ఏమీ కనపడదు, మనిషి ఎక్కితే బరువుకి లోపలికి దిగి కొత్త ప్యాచ్ పక్కనే మళ్లీ గుచ్చుతుంది. వేలితో తడిమితే వేలికే దిగుతుంది కాబట్టి పాత నూలుగుడ్డ ఉండగా చేసి టైరు లోపల చుట్టూ లాగండి. ముల్లున్న చోట పోగు పట్టుకుంటుంది. గోళ్లు తీసుకునే కట్టరుతో పట్టి లాగేయొచ్చు.

ప్యాచ్‌లో అందరూ తొందరపడేది సొల్యూషన్ దగ్గరే, అంటే ప్యాచ్ అంటించే రబ్బరు జిగురు దగ్గర. బెజ్జం చుట్టూ గరుకు కాగితంతో మెరుపు పోయేదాకా రుద్ది, దుమ్ము తుడిచి, సొల్యూషన్ పల్చగా, ప్యాచ్ కంటే కాస్త వెడల్పుగా పూయండి. తర్వాత చేతులు కట్టుకుని ఆగాలి. తడి పోయి, అంచు ముట్టుకుంటే వేలికి అంటకుండా ఉండాలి. వానాకాలం గాలిలో చెమ్మకి ఇంకాసేపు పడుతుంది. అప్పుడు ప్యాచ్ పెట్టి, మధ్యలోంచి అంచులకి గట్టిగా నొక్కాలి. మీద కాస్త టాల్కం పౌడరు చల్లితే టైరుకి అంటుకోదు.

టైరు ఎక్కువ కాలం రావాలంటే వారానికోసారి గాలి చూడటాన్ని మించింది లేదు. టైరు పక్కన గాలి ఒత్తిడి అంకె పీఎస్‌ఐలో అచ్చువేసి ఉంటుంది, దాన్ని దాటకండి. మామూలు సైకిల్ వాల్వుకి మీటరు పెట్టి కొలవడం కుదరదు కాబట్టి మనిషిని ఎక్కించి చూడాలి: టైరు నేల దగ్గర కొద్దిగా పరుచుకోవాలి, బోర్లా పడ్డట్టు అణిగిపోకూడదు. బరువంతా వెనకే ఉంటుంది గనక వెనక చక్రానికి కొంచెం ఎక్కువ కావాలి, కేరియర్ మీద ఫ్రెండుని ఎక్కించుకునే రోజుల్లో మరీను. పెట్రోలు బంకులో కంప్రెసరు గాలి పెట్టించకపోవడమే మంచిది. సైకిల్ ట్యూబుకి అది క్షణాల్లో నిండిపోతుంది, ఠప్పున పేలడానికి ఎక్కువసేపు పట్టదు. ఇంటికో చేతిపంపు ఉంటే టెన్షన్ ఉండదు.

టైర్లు నల్లగా మెరవాలని కొబ్బరినూనె పూసేవాళ్లని చూశాను. నూనె రబ్బరుని మెత్తబరుస్తుంది, రిమ్ముకంటితే బ్రేకు పట్టదు. ఎండలో గోడకి ఆనించి వదిలేసినా పక్కలు బీటలు వారతాయి, చూరు కిందకి జరపండి. ఒక్క టైరే కొత్తది కొంటే దాన్ని ముందుకి వేసి, ముందున్నదాన్ని వెనక్కి మార్చండి. వెనక టైరు పేలితే ఎలాగో ఆపుకోవచ్చు, ముందుది పేలితే హ్యాండిల్ మన మాట వినదు.

ఇక చైను. అంతర్వేది వైపు గాలిలోనే ఉప్పు. పైగా రొయ్యల లోడు వెళ్లిన రోడ్డు మీద కారిన నీళ్లు చక్రాలతో చిమ్మి చైను మీద పడతాయి. కడగడం అవసరమే గానీ సముద్రం దగ్గర ఊళ్లలో చాలా బోర్ల నీళ్లు కూడా ఉప్పే, వాటితో కడిగితే ఇంకాస్త ఉప్పు పూసినట్టే. కుళాయి నీళ్లతోనో వాన నీళ్లతోనో తడిగుడ్డ చేసి తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఆరబెట్టండి.

కొబ్బరినూనె మన ఇళ్లలో చేతికందేదే అయినా చైనుకి అది పనికిరాదు. చలికాలం తెల్లారుజామున సీసాలో ఎలా గడ్డకడుతుందో చైను సందుల్లోనూ అంతే, మిగతా రోజుల్లో దుమ్ముతో కలిసి జిగురవుతుంది. కుట్టుమిషన్ నూనె తెచ్చుకోండి. ఒక్కో లింకు మీద ఒక్కో చుక్క, పెడలు నాలుగు చుట్లు వెనక్కి తిప్పి, పైన మిగిలినదంతా తుడిచేయండి. నూనె లోపల ఉంటే చాలు. వానల్లో కొట్టుకుపోతుంది కాబట్టి తరచూ వేయాలి. లేడీస్ సైకిల్‌కి నిండు కవరు ఉంటుంది కదా, లోపల ఏం జరుగుతోందో ఎవరూ చూడరు. అప్పుడప్పుడు విప్పి చూడండి.

తుప్పు పట్టిన చైను ఇంకా పనికొస్తుందా అన్నది ఇంచి టేపు చెప్తుంది. ఒక పిన్ను నడిమధ్యన సున్నా పెడితే 12 అంగుళాల దగ్గర సరిగ్గా ఇంకో పిన్ను మధ్య రావాలి. అంగుళంలో పదహారో వంతు జరిగిందంటే చైను మార్చాలి. ఎనిమిదో వంతు జరిగితే ఫ్రీవీలు (వెనక చక్రానికుండే పళ్ల చక్రం) పళ్లు కూడా అరిగిపోయి ఉంటాయి, రెండూ కలిపే మార్చుకోవాలి.

చక్రం వంకర తీయడం, పెడళ్ల మధ్య బేరింగులు మార్చడం షాపుకే వదిలేయండి. వాటి సామాన్లు వేరు, కొత్త చేతికి కుదరదు.

జెల్లు విషయానికొస్తే, నేనైతే వద్దంటాను. మోటారు సైకిల్ రకం వాల్వున్న ట్యూబుకి ముల్లు బెజ్జాల వరకు పనిచేస్తుంది. మామూలు వాల్వులో రబ్బరు గొట్టానికి అంటుకుని గాలి ఎక్కనివ్వదు, ఆ తర్వాత ట్యూబుకి ప్యాచ్ వేయాలన్నా జిగురు మీద నిలవదు. ఆ డబ్బుతో చేతిపంపు కొనండి.