కిడ్నీ మార్పిడి అయిన పాపని ఆటలకి పంపొచ్చా?

మీ పాపకి తొమ్మిదేళ్లు, కిడ్నీ మార్పిడి అయి ఏడాది దాటింది, ఆటల పీరియడ్‌కి పంపాలంటే భయం, పైగా సైకిల్ కొనమని గొడవ చేస్తోందని రాశారు. మీ డాక్టరుగారు సరే అంటే పంపండమ్మా, ఇంక ఆపకండి. మాది సోంపేట దగ్గర పల్లె. మా బాబుకి నా కిడ్నీయే పెట్టారు.

మా ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బు ఎక్కువ, ఆ మాట వింటేనే జనం హడలిపోతారు. ఇక్కడ ఆ జబ్బు పడేది ఎక్కువగా పెద్దవాళ్లు. మావాడిది అది కాదు, పుట్టుకతోనే మూత్రనాళంలో అడ్డు ఉండేది. అయినా చూడ్డానికొచ్చిన ప్రతివాళ్లూ "గుంటడ్ని కదలనివ్వకండి" అనే చెప్పి వెళ్లేవారు. కదలకపోతేనే నష్టం. డయాలసిస్ రోజుల్లోనే పిల్లలకి కండ కరిగిపోతుంది, రక్తం తగ్గిపోతుంది. ఆపైన కొత్త కిడ్నీని ఒళ్లు తోసెయ్యకుండా ఇచ్చే స్టెరాయిడ్ మాత్రలు ఆకలి పెంచుతాయి, ముఖం ఉబ్బిస్తాయి, కండనీ ఎముకనీ బలహీనం చేస్తాయి. కొత్త కిడ్నీ రక్తాన్ని శుభ్రం చేస్తుంది గానీ పోయిన కండని తెచ్చివ్వదు. అది ఆడితేనే వస్తుంది.

మావాడు మొదట్లో ఒక చెయ్యి గోడకి, ఇంకో చెయ్యి మోకాలికి ఆనించి మేడమెట్లు ఎక్కేవాడు, సగంలో ఆగిపోయేవాడు. రెండు నెలల దాకా బరువులు వద్దన్నారు, స్కూలు బ్యాగు నేనే మోసేదాన్ని. తరవాత పొద్దున్నే బారువ బీచ్‌లో వాళ్ల నాన్నతో నడక, అలవాటయ్యాక షటిల్, పరుగు. ఇప్పుడు అవే మెట్లు దూకుతూ ఎక్కుతున్నాడు. మీకైతే విజయనగరంలో అయోధ్య మైదానం ఉండనే ఉంది.

ఒక్క విషయంలో గట్టిగా ఉండండి. పెట్టిన కిడ్నీ వెనక నడుము దగ్గర ఉండదు, పొత్తికడుపులో ఓ పక్కన ముందుకి ఉంటుంది. పక్కటెముకల కాపు లేదు. అందుకే కబడ్డీ, కుస్తీ లాంటివి మాకు వద్దన్నారు. ఈ మాట డ్రిల్ మాస్టారికి మీరే వెళ్లి చెప్పండి, ఏ పక్కనుందో చూపించండి. సంగతి సరిగ్గా తెలియకపోతే ఆయన భయపడి పాపని మూల కూర్చోబెడతారు, పిల్లకి అది ఆపరేషన్ కన్నా బాధ. నీళ్ల సీసా, ఎండకి టోపీ తప్పనిసరి. మాత్రల వేళ ఆట కోసం తప్పకూడదు. చెరువుల్లో ఈత వద్దు, ఇన్‌ఫెక్షన్ భయం.

1978లో ఇంగ్లండులోని పోర్ట్స్‌మత్‌లో మొదలైన ప్రపంచ ట్రాన్స్‌ప్లాంట్ క్రీడల్లో ఇలాంటి పిల్లలు కూడా పోటీ పడుతున్నారు. ఆ సంగతి చెప్పాకే మా మావగారికి నమ్మకం కుదిరింది.

సైకిల్ కూడా డాక్టరుగారిని అడిగి కొనండి. పాప ఎత్తుకి సరిపోయేదే తీసుకోండి, హెల్మెట్ పెట్టండి. హ్యాండిల్ చివర్ల రబ్బరు గ్రిప్పులు ఊడిపోకుండా చూసుకోండి, గ్రిప్పు లేకపోతే పడినప్పుడు పొట్టలో గుచ్చుకునేది ఆ హ్యాండిల్ చివరే. పొట్టకి దెబ్బ తగిలినా, మూత్రం ఎర్రగా వచ్చినా తెల్లారేదాకా ఆగకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.