ఏడో తరగతి చేత దేశం గురించి రాయించేటప్పుడు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

గణతంత్ర దినోత్సవానికి 'నేను పెరగాలనుకునే దేశం' అని మీ ఏడో తరగతి పిల్లల చేత రాయిస్తానన్నావు. రాయించు. వ్యాసరచన పోటీ మాత్రం పెట్టకు. పోటీ అనగానే గైడు భాష దిగుతుంది. అన్ని కాగితాల్లోనూ 'పేదరికం, అవినీతి లేని భారతదేశం' అనే ఉంటుంది. బహుమతేమో దస్తూరి బాగున్నవాడికి పోతుంది.

మొదటిరోజు దేశం అన్న మాటే ఎత్తకు. ఇంటి నుంచి బడిదాకా ఏమేం మారాలో అడుగు. మరుగుదొడ్డికి గొళ్ళెం లేదని ఒక ఆడపిల్ల అంటుంది. అమ్మానాన్న వలసపోతే నానమ్మ దగ్గర ఉంటున్నవాడు ఊళ్ళోనే పని దొరకాలంటాడు. నాన్న తాగకూడదని ఎవరో ఒకరు రాస్తారు, చూడు. అందుకే కాగితాల మీద పేర్లు వద్దు, ఆ సంగతి క్లాసులో తవ్వనూ వద్దు. ఏడుకొచ్చినా రాయడం సరిగా రానివాళ్ళుంటారు. వాళ్ళు నోటితో చెప్తే నువ్వు రాసిపెట్టు.

అక్షరదోషాలు తర్వాత దిద్దుకోవచ్చు, కోరికల్ని మాత్రం దిద్దకు. ఒకడు ఊరికి ఫ్యాక్టరీ రావాలంటాడు, ఇంకొకడు చెరువు జోలికి ఎవరూ పోకూడదంటాడు. అదృష్టం బాగుండి అలాంటి తగువు వస్తే ఆ పీరియడంతా దానికే వదిలెయ్. సిలబస్ ఎక్కడికీ పారిపోదు. ఎవరిది రైటో నువ్వు తేల్చకు.

రోజూ ప్రార్థనలో చెప్పే ప్రతిజ్ఞ ఎవరు రాశారో కూడా అడిగి చూడు. చాలామంది టీచర్లకే తెలియదు. నల్లగొండ జిల్లావాడైన పైడిమర్రి వెంకట సుబ్బారావు 1962లో విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తూ తెలుగులో రాశాడు. ఆయన మంత్రీ కాదు, పెద్ద నాయకుడూ కాదు, ట్రెజరీ ఉద్యోగి. అది చెప్పాక, మీ క్లాసు ప్రతిజ్ఞ మీరే రాసుకోండి అను.

ఇక అసలు పని. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో కనీసం నాలుగింట మూడొంతులమంది తల్లిదండ్రులూ సంరక్షకులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం ఆడవాళ్ళు ఉండాలి. గొళ్ళెం లాంటి, అయ్యే పని ఒకటి పిల్లల్నే ఎంచుకోమని, వాళ్ళ చేతే ఆ కమిటీ ముందు చెప్పించు. హెడ్మాస్టరు చెవిన ముందే ఓ మాట వెయ్యి, లేకపోతే నువ్వే ఫిర్యాదు చేయించావనుకుంటారు. కమిటీ ఏమందో మర్నాడు పిల్లలకు ఉన్నదున్నట్టు చెప్పు. కాదంటే ఎందుకు కాదందో కూడా చెప్పు.

మీ అమ్మను అడిగానని చెప్పు.

మీ మామయ్య